పన్నెండు వంతుల పాట

దివ్య వచ్చి వెళ్ళి తొమ్మిది రోజులయింది. ఆ పిల్ల మరిచిపోయిన నారింజ రంగు తీగ ఒకటి ఇంకా మంచం కింద పడి ఉంది. తీసి దాచుదామని వంగుతాను, మళ్ళీ ఎందుకో అక్కడే వదిలేస్తాను. దివ్య మా నడిపి బావ మనవరాలు. మా ఆయనకు ఇద్దరన్నలు. పెద్దాయన్ని పెద్ద బావ అనీ, మధ్యాయన్ని నడిపి బావ అనీ అనుకునేదాన్ని, అదీ మనసులోనే. ఆ ఇంట్లో చిన్న కోడలు బావల ముందు నోరు తెరిచే ఆచారం లేదు. నడిపి బావ కుటుంబం బద్వేలు వెళ్ళిపోయాక వాళ్ళ గడప నేను తొక్కలేదు, మా గడప వాళ్ళెవరూ తొక్కలేదు. మా ఆయన పోయినప్పుడు కూడా ఎవరూ రాలేదు. అలాంటిది ఆయన పోయిన ఏడాదికి, వాళ్ళ మూడో తరం పిల్ల ఫోను చేసి, "చిన్నవ్వా, నేను ఉదయగిరికి వస్తా ఉండాను, నీకేం ఇబ్బంది లేదు గదా" అని అడిగింది. ఉందని చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

బెంగుళూరులో ఉంటుందట. పాటలు చేస్తుందట, గొంతుతో కాదు, వీణతో కాదు. బస్సు దిగి మోసుకొచ్చిన అల్యూమినియం పెట్టె మూత తీస్తే లోపల బట్టలు లేవు. నిండా తిప్పే గుండీలు, చిన్న చిన్న రంధ్రాలు, మినుకుమనే బుడ్డి దీపాలు. రంగు తీగలు ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి గుచ్చి ఒక గుండీ తిప్పింది. టిక్కు టిక్కుమని ఒకటే దెబ్బ మొదలయింది. "ఇది క్లాక్ చిన్నవ్వా. ఊరికే దెబ్బ కొడతా ఉంటాది. దీన్ని ఇందులోకి ఇస్తే రెండు దెబ్బలకొకసారి, మూడిటికొకసారి, నాలుగిటికొకసారి విడివిడిగా బయటికొస్తాది. క్లాక్ డివైడర్ అంటారు దీన్ని. ఒక్కోదానికి ఒక్కో స్వరం తగిలించినామంటే పాట దానంతట అదే వచ్చేస్తాది" అని ఓపిగ్గా చెప్పింది. తెలుసన్నాను. ముసలావిడ ఏదో ఊరికే అంటోందనుకుని నవ్వింది. "మీ చిన్నతాత వాటిని వంతులు అనేవాడు" అన్నాను. అప్పుడు నవ్వు ఆపి నావైపు చూసింది. "ఆ పెట్టె ఇంకా ఉండాదా? బాయి కాడ వంతులు చెప్పే పెట్టె అని మా నాయన చెప్తా ఉంటాడు." వాళ్ళ నాయన దాన్ని ఏ పేరుతో చెబుతాడో నాకు తెలుసు. పెద్దల దగ్గర మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి ఆ పేరు అనలేదు. దొంగ పెట్టె అంటారు వాళ్ళు.

నలభై ఏళ్ళుగా పత్రికలకు ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. మా అత్త ముక్కుపొడి గురించి రాశాను, ఉదయగిరి కొండ మీద మబ్బు గురించి రాశాను, చివరికి మా గేదె గురించి కూడా రాశాను. ఈ సంగతిని మాత్రం ఏ కథలోకీ రానివ్వలేదు. రానిస్తే ఎవరి పేరుతో రానివ్వాలో తెలియక కాదు. తెలిసే.

నా పుట్టిల్లు ఆత్మకూరు, బస్టాండు వెనక వీధి. మా ఇంటి కిటికీకి ఎదురుగా ఖాదర్ సాయిబు రేడియో షాపు. పేరుకు రేడియో షాపే గానీ సాయిబు అసలు బేరం పెళ్ళిళ్ళకూ ఉరుసులకూ మైకు సెట్లూ, సీరియల్ లైట్లూ అద్దెకు పంపడం. పొద్దున షట్టరు ఎత్తగానే సాంబ్రాణి పొగ, కాసేపటికి సోల్డరింగ్ పొగ, పదకొండు గంటలకు పక్క హోటలు నుంచి వచ్చే టీ వాసన, ఇవన్నీ వరసగా మా ఇంట్లోకి వచ్చేవి. మా అమ్మ ఆ వాసనల్ని బట్టే ఎసట్లో బియ్యం పోసేది. ఆ షాపులో బల్లకు అంటుకుపోయినట్టు కూర్చుని పనిచేసే సన్నటి మనిషిని ఏడాదిపాటు వీపు మాత్రమే చూశాను. ఆ వీపే తర్వాత నా మొగుడయింది. పెళ్ళిపందిట్లో దీపాలు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తినట్టు వెలగడానికి ఒక సర్క్యూటు ఉంటుంది. మద్రాసు నుంచి తెప్పించిన నల్లటి ఐసీ అందులో దెబ్బలు లెక్కబెడుతూ ఒక్కో బల్బుకూ వంతు వేస్తుంది. అది కట్టడంలో ఆయన చేయి తిరిగినవాడని ఆత్మకూరంతా అనేది.

ఒకరోజు వింజమూరు పెళ్ళి నుంచి తిరిగొచ్చిన సీరియల్ సెట్టు బస్సు టాపు మీద నలిగి బల్బులన్నీ పగిలిపోయాయి. లోపల సర్క్యూటు బతికుందో లేదో చూడాలి, చూడటానికి బల్బులు లేవు. అందుకని ఆయన బల్బుల వైర్లు తెచ్చి పాత రేడియో స్పీకరుకు తగిలించాడు. మూడో బల్బుకు పోయే దెబ్బ ఒక శబ్దం, నాలుగో దానికి పోయేది ఇంకో శబ్దం, రెండూ కలిసినచోట మూడోది. మధ్యాహ్నం వీధంతా అన్నం తిని పడుకున్న వేళ కుయ్ కుయ్ కూ, కుయ్ కూ కుయ్ అని మొదలయింది. మా అమ్మ లేచి "ఏందా గోల, పిల్లికి పక్షవాతం వచ్చినట్టు" అంది. నేను కిటికీ దగ్గర నిలబడిపోయాను. పాట అనుకుంటే పాట కాదు, గోల అనుకుంటే అందులో ఏదో వరస ఉంది. ఇంకాసేపు వింటే తిరిగి మొదటికొస్తుందని నాకు అనిపించింది, నిజంగానే వచ్చింది. సాయిబు లోపల్నుంచి వచ్చి, "పెళ్ళికి లైట్లు పెట్టమంటే పిట్టల్ని పెట్టినావేందిరా" అన్నాడు. ఆయన తల ఎత్తకుండానే, "పాట నేను కట్టలా సాయిబూ. దెబ్బని పంచినాను, అంతే. పంచితే పాట అయింది" అన్నాడు. సంబంధం కుదిరినప్పుడు ఆయనకు షాపు ఉద్యోగం తప్ప ఏముందని మా వాళ్ళు వెనకాడారు. నేను సరేనన్నాను. ఆ మాట ఒక్కటీ ఎంతగా నచ్చిందో ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.

అత్తగారి ఊరు ఉదయగిరి నుంచి మర్రిపాడు వైపు పోయే దారిలో, మెట్ట. ఊళ్ళో కాదు, చేలలో బావి పక్కనే మా ఇల్లు. ముగ్గురన్నదమ్ములకు వరసగా మూడు గదులు, మూడు పొయ్యిలు, ముందు ఒకే వసారా. పొద్దున మూడు పొయ్యిల మీదా సంగటి ఉడుకుతుంటే మూడు రకాల మాడు వాసన వచ్చేది. తోడికోడళ్ళలో పెద్దక్క సంగటి ఎప్పుడూ అడుగంటేది, నడిపక్కది అంటేది కాదు, నాది ఉడికేది కాదు. మా అత్త వసారా చివర కూర్చుని ముక్కుపొడి పట్టు పట్టి, మూడు పొయ్యిలకూ మూడు మాటలు విసిరేది. మనిషి కఠినం కాదు, నాలుక కఠినం. కళ్ళు మసకబారినా మోటారు చప్పుడు విని నీళ్ళు ఏ కొడుకు చేలోకి పోతున్నాయో చెప్పేది. వారానికి ఐదు రోజులు మా ఆయన బస్సెక్కి ఆత్మకూరు షాపుకు పోయి చీకటిపడే వేళకు వచ్చేవాడు. చేను ఎవరు చూస్తారంటే నేనే చూసేదాన్ని.

బావి ఒకటి, మోటారు ఒకటి, చేలు మూడు. కరెంటు పగటిపూట వచ్చేది గానీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఒకరోజు రెండుసార్లు వచ్చేది, ఒకరోజు అసలు రాదు. అందుకని రోజుల లెక్కన కాకుండా కరెంటు లెక్కన వంతులు పెట్టుకున్నారు. ఒకసారి కరెంటు వస్తే అది పోయేదాకా నీళ్ళు ఒకరివి, మళ్ళీ వచ్చినప్పుడు తర్వాతివాడివి. ఎంతసేపు ఉంటే అంత వాటా, అది వాడి అదృష్టం. పశువుల తొట్టి మాత్రం ఉమ్మడి. అది నింపాల్సి వచ్చినరోజు ఎవరి వంతైతే వాళ్ళకు అరగంట నీళ్ళు తగ్గేవి. ఇక చూడండి. మొన్న తొట్టి నేను నింపితిని అని ఒకరు, పొద్దున వచ్చింది వంతు కిందికి రాదు అని ఇంకొకరు. నడిపి బావకూ పెద్ద బావకూ చొక్కాలు పట్టుకునేదాకా పోయింది ఒకసారి. సాయంత్రం వచ్చి ఆ గొడవంతా విన్న మా ఆయన అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలపకుండా ఉండిపోయాడు. "ఇది మూడో వంతు, నాలుగో వంతు లెక్క. ఐసీకి చెప్తే సరిపోతాది, మనిషి ఎందుకు" అన్నాడు.

అలా పుట్టింది పెట్టె. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే సాయిబు చేత లేత పసుపు కర్రతో చేయించాడు, మూత అంచున చిన్న ఆకుల చెక్కుడు కూడా. లోపల లెక్కపెట్టే ఐసీలు, టార్చిలైటు సెల్లులు. మోటారు కొట్టం రేకు మీద మైకు హారను. కరెంటు వచ్చినప్పుడల్లా పెట్టె ఒక దెబ్బ లెక్కపెట్టుకుంటుంది. ఆ దెబ్బల్ని మూడుతో పంచితే ఎవరి వంతో తేలుతుంది. పెద్ద బావకు సా, నడిపి బావకు గా, మాకు పా. అదే దెబ్బను నాలుగుతో పంచితే తొట్టి నింపే వంతు తేలుతుంది, అప్పుడు స్వరం వెనక టంగుమని గంట. నాలుగో దెబ్బకు గంట పెద్ద బావ మీద పడుతుంది, ఎనిమిదో దానికి నడిపి బావ మీద, పన్నెండో దానికి మా మీద. పన్నెండు దాటితే మళ్ళీ మొదటికి. ఎవరికీ ఒక చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. అన్నలిద్దరికీ గులకరాళ్ళు పేర్చి చూపించాడు. కరెంటు కళ్ళార్పినట్టు పోయి వస్తే ఎట్లరా అని నడిపి బావే అడిగాడు. "పది నిమిషాల్లోపల తిరిగొస్తే పెట్టె దాన్ని లెక్కలోకి తీసుకోదు నడిపన్నా. పాత వంతే నడుస్తాది. దానికి వేరే కెపాసిటరు పెట్టినాను" అన్నాడు ఈయన. ఆ రోజు నుంచి పెట్టె చెప్పిందే వంతు.

పెట్టెకు ఒక స్విచ్చి ఉండేది. ఒక పక్క బావి అని, ఇంకో పక్క పాట అని ఎర్ర పెయింటుతో రాశాడు. సాయంత్రం కరెంటుతో పని అయిపోయాక పాట వైపు తిప్పి, దెబ్బల్ని వేగంగా పెట్టి వసారాలో వినిపించేవాడు. రోజులు పట్టే పన్నెండు వంతులు అప్పుడు ఊపిరి పీల్చి వదిలేలోగా అయిపోయేవి. సా గా పా సా టంగు. ఐదుతో పంచే తీగ ఒకటి కలిపితే ఇంకా వింతగా మెలికలు తిరిగేది. పెద్దక్క పిల్లలు గంతులు వేసేవాళ్ళు, నడిపక్క చాటలో మిరపకాయల తొడిమలు దానికి తగ్గట్టు తీసేది. మా అత్త సైతం, "వాడి పెట్టె పెళ్ళాం కంటే నయం, చెప్పిందే చెప్తాది" అనేది. అదొక్కటే ఆ ఇంట్లో అందరం కలిసి విన్నది. మర్నాడు పెట్టె మళ్ళీ బావి వైపు తిరిగాక ఆ పాటే పూటకొక స్వరం చొప్పున పొలం మీద వినిపించేది. మిగతావాళ్ళకు అది వంతు మాత్రమే. నాకు మాత్రం అది పాటే. ఈ పూట గా అంటే తర్వాత పా అని నాలుగు రోజుల ముందుగానే లోపల పాడుకుంటూ అంట్లు తోమేదాన్ని. ఆ పాట ఎక్కడ ఉందో ఏ క్షణం లేపి అడిగినా చెప్పగలిగేది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆ ఎండాకాలం పెద్ద బావ తన చేను బీడు పెట్టుకున్నాడు కాబట్టి ఆయనకు తొందర లేదు. నడిపి బావ మిరప పూత మీద ఉంది. మా వేరుశనగ ఊడలు దిగే వేళ, నేల రాయిలా ఉంది. ఎనిమిదో వంతు రావాలి, అంటే నడిపి బావది, గంటతో సహా. ఆ ఉదయం మగవాళ్ళెవరూ లేరు. పెద్ద బావా నడిపి బావా మిరపకు పురుగుమందు తేవడానికి వింజమూరు పోయారు, మా ఆయన ఆత్మకూరులో. అక్కలిద్దరూ ఊళ్ళోకి, అత్త లోపల నిద్ర. నేను బావి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. హారను గా అని సగం పలికి, నోరు నొక్కినట్టు ఆగిపోయింది. కరెంటు పోయింది. చేతిలో చీర పిండటం కూడా పూర్తి కాలేదు, తిరిగి వచ్చింది. పెట్టె మళ్ళీ గా అనాలి. పా అంది. నిండుగా, పొలం చివరిదాకా వినపడేట్టు పా అంది.

తప్పు అది. నాకు ఆ క్షణమే తెలుసు. పాటలో ఒక స్వరం ఎగిరిపోయింది, దానితో గంట కూడా. నేను చేయాల్సింది ఊరికే కూర్చోవడం, బావలు వస్తే అత్త చేత చెప్పించడం. లేచి వెళ్ళి మోటారు వేసి మా చేలోకి మడవ తిప్పాను. పెట్టె చెప్పింది కదా అనుకున్నాను. నీళ్ళు పోతుంటే వెనక్కు వచ్చి చూస్తే తొట్టి ఎండిపోయి ఉంది. గిలక మీద బొక్కెన వేసి చేదడం మొదలుపెట్టాను. పశువులకు దాహం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చేతులు బొబ్బలెక్కేదాకా, తొట్టి అంచుకు వచ్చేదాకా చేదాను. పశువులకు అంత దాహం ఎప్పుడూ లేదని చేదుతున్నప్పుడే నాకు తెలుసు.

మధ్యాహ్నానికి బావలు తిరిగి వచ్చారు. కరెంటు పోయింది, అప్పటికి మా చేను సగం తడిసింది. నడిపి బావ మడవ చూసి గట్టు మీద నిలబడిపోయాడు. మా ఆయన సాయంత్రం బస్సు దిగేసరికి అందరూ వసారాలో ఉన్నారు. "ఈ పొద్దు వంతు నాది. నిన్నటిది పెద్దన్నది" అన్నాడు నడిపి బావ. ఈయన పెట్టె తెరిచి చూసి, "తొమ్మిదో దాని మీద ఉండాది నడిపన్నా. నువ్వు లేనప్పుడు ముందొకసారి కరెంటు వచ్చుంటాది. అది నీ వంతు, అయిపోయింది" అన్నాడు. పెద్ద బావ తొట్టి వైపు చూసి, "తొట్టి నింపేది ఎనిమిదో వంతు, అది నిండి ఉండాది గదరా. ముందొకసారి కరెంటు రాకుండా ఎట్ల నిండుతాది" అన్నాడు. అప్పుడు మా అత్త గది వైపు తిరిగి, తలుపు వెనక ఉన్న నన్ను అడిగింది. "నువ్వు ఇంటికాడే ఉండావు గదమ్మే. ముందొకసారి కరెంటు వచ్చినాదా, లేదా?"

వచ్చిపోయింది అని చెప్పి ఉంటే చాలు. మా వైపు వచ్చిపోయింది అంటే రెప్పపాటు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను "వచ్చింది" అన్నాను. అబద్ధం కాదు. అబద్ధం కాదనే ఇన్నేళ్ళూ నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఎందుకన్నానంటే మా వేరుశనగ కోసం కొంత. పెట్టె తప్పిందని తెలిస్తే ఆ హారను పీకి పారేసి ఆయన్ని నలుగురిలో నవ్వుతారని కొంత. ఏది ఎంతో నాకే తెలియదు, దాన్ని పంచే ఐసీ ఎవరూ చేయలేదు.

నడిపి బావ నమ్మలేదు. "ప్రమాణం చెయ్‌రా చిన్నోడా. నీ పెట్టె తప్పలేదని కర్పూరం ఆర్పి చెప్పు, నేను నోరు మూసుకుంటా" అన్నాడు. మాలో వెలుగుతున్న కర్పూరం అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకు ఇక తిరుగు లేదు. బావి ఒరమీద గంగమ్మ రాయి ముందు నడిపి బావే ముద్ద కర్పూరం వెలిగించాడు. మా ఆయన దేవుణ్ణి పెద్దగా నమ్మడు, కానీ ఐసీని నమ్మాడు, నన్ను నమ్మాడు. "పెట్టె తప్పలేదు" అని చేయి పెట్టి ఆర్పేశాడు. నేను తలుపు పట్టుకుని చూస్తూ ఉన్నాను. నా నోటికి అడ్డం ఎవరూ లేరు. చిన్న కోడలు మాట్లాడకూడదన్న ఆచారం ఆ ఒక్కరోజు నాకు ఎంత సాయపడిందో.

తెల్లవారి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది వచ్చేసరికి మిరప పూత రాలి, చెట్లు నిలువునా ఎండి గలగలమంటున్నాయి. ఆ ఒక్క తడి అంది ఉంటే అది బతికేది, ఎవరినడిగినా అదే చెప్పారు. నడిపి బావ ఎవరితోనూ పోట్లాడలేదు. ఉన్న భూమి పెద్ద బావకు రాసిచ్చి, లారీలో సామాన్లు వేసుకుని, నడిపక్క పుట్టినూరు బద్వేలుకు వెళ్ళిపోయాడు. లారీ ఎక్కేముందు నడిపక్క నా పొయ్యి దగ్గరికి వచ్చి, ఎప్పుడో బదులు తీసుకున్న చింతపండు గిన్నె అక్కడ పెట్టి వెళ్ళింది. నడిపక్క పొయ్యి చల్లారాక పొద్దున వాసన కూడా మారిపోయింది. మాకు పిల్లలు కలగకపోతే కర్పూరం దెబ్బ అని ఊళ్ళో అన్నారు. నేను అలాంటివి నమ్మను. నమ్మనని గట్టిగా ఎవరితోనూ అనలేదు.

వానలు పడ్డాక ఒక సెలవురోజు ఆయన పెట్టె విప్పి శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. రేకు కింద వేడికి ఆ పది నిమిషాల కెపాసిటరు ఎండిపోయి ఉబ్బింది. తీగ తీసి పెట్టి, తీసి పెట్టి చూశాడు. ప్రతి రెప్పపాటూ లెక్కలోకి వస్తోంది. నా దగ్గరికి వచ్చి, "ఆ పొద్దు ముందొచ్చిన కరెంటు ఎంతసేపు ఉండినాది?" అని అడిగాడు. చెప్పాను. "తొట్టి?" అన్నాడు. అదీ చెప్పాను. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రోజుతో అయిపోయేదేమో. తన అరచేయి వైపు చూసుకుని, చొక్కా వేసుకుని బద్వేలు బస్సెక్కాడు. పెట్టె తప్పింది, తప్పు తనదని మాత్రమే అన్నకు చెప్పాడట. నా పేరు రానివ్వలేదు. నడిపి బావ మంచినీళ్ళిచ్చి, "తెలిసే ఆర్పినావు గదరా" అన్నాడట. కాదని ఈయన అనలేదు. అంటే తొట్టి సంగతి చెప్పాలి. ఆ మాట మోసుకుని తిరిగి వచ్చి, హారను దించి, పెట్టెను తన పాత లుంగీలో చుట్టి అటక మీద పెట్టాడు. నేను ఉత్తరం రాస్తానంటే, "వద్దు, ఇద్దరం దేనికి" అన్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా రేడియోలు బాగుచేశాడు, టీవీలు బాగుచేశాడు. పాట అన్న మాట ఆయన నోట వినలేదు. నడిపి బావ పోయినప్పుడు కబురు మూడో రోజుకు అందింది.

ఇప్పుడు ఆ బావి పూడిపోయింది. పొలాల్లో ఎవరి బోరు వాళ్ళది, కరెంటు రాగానే మోటారు దానంతట అదే ఆడుతుంది, పక్కవాడి వంతు అన్న మాటే లేదు. మంచిదే. గొడవలు లేవు. పక్కవాడి చేనుకు నీళ్ళు అందాయో లేదో చూసే మనిషి కూడా లేడు. అటక మీద నుంచి దివ్యే పెట్టె దించింది. లుంగీ మడతల్లో ఇంకా సోల్డరు వాసన ఉన్నట్టు నాకు అనిపించింది, ఆ పిల్ల దుమ్ము అంది. కొత్త సెల్లులు వేసి, తన పెట్టెలోంచి నారింజ రంగు తీగ తెచ్చి దీనికి తగిలించి, స్విచ్చి పాట వైపు తిప్పింది. సా గా పా సా టంగు. అంతా గుర్తుంది దానికి. నాలుగుసార్లు తిరిగాక వదులైన తీగ కాస్త కదిలి, గా సగంలో తెగి పా పలికింది.

"అబ్బ, ఇది బాగుండాది చిన్నవ్వా. ఇట్ల తప్పితేనే పాటకు అందం" అని ఫోనులో రికార్డు చేసుకోబోయింది.

"అది మీ తాత వంతు" అన్నాను.

ఆ పిల్ల ఫోను దించి నావైపు చూసింది. మెల్లగా అడిగింది. "ఆ పొద్దు కరెంటు ముందు రాలేదని మా తాత పోయేదాకా అనినాడంట. వచ్చినాదా చిన్నవ్వా?" అదే ప్రశ్న. అడగడానికి అత్త లేదు, వినడానికి బావలు లేరు, చాటుకు తలుపు లేదు.

"వచ్చిపోయింది" అన్నాను. "తొట్టి నేను చేది నింపినాను."

దివ్య వాళ్ళ నాయనకు ఫోను కలిపింది. నేను వద్దనలేదు. "నాయనా, తాత చెప్పిందే నిజమంట. తొట్టి చిన్నవ్వ చేది నింపిందంట" అని, ఫోను స్పీకరులో పెట్టి మా ఇద్దరి మధ్య మంచం మీద ఉంచింది. అవతల కొడుకు నోట నడిపి బావ గొంతే, కాస్త ముసలిదై, ఒకే ఒక మాట అడిగింది.

"పిన్నమ్మా, కర్పూరం ఆర్పేటప్పుడు చిన్నాయనకు తెలుసునా?"

"ఆయనకు తెలీదు నాయనా" అన్నాను. "నాకు తెలుసు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు రాలేదు. పెట్టెను ఆపడం మేమిద్దరం మరిచిపోయాం. అది సా అంది. తర్వాత, తెగకుండా, గా అంది.